జాయ్ డేవిడ్‌మన్ : రోగశయ్యపై కృతజ్ఞత

ధ్యానభాగము: లూకా 17:11–19

సమరయ గలిలయల నడుమ పదిమంది కుష్ఠరోగులు ప్రభువును ఎదుర్కొనిన సంగతి మన పాఠకులెల్లరు ఎరిగినదే. పదిమందియు శుద్ధులైరి, కృతజ్ఞత చెల్లించుటకు తిరిగి వచ్చినవాడు ఒక్కడే. ఈ భాగముపై మేము ఎన్నియో పర్యాయములు ప్రసంగించియున్నాము. ప్రతి పర్యాయమును ఆ తొమ్మండుగురిని గట్టిగా మందలించి, వినువారిని గూడ కొంత మందలించి కూర్చుండుట మాకు అలవాటైపోయినది.

గత మాసమున మా సంఘములోని అక్క యొకామె ఆ అలవాటును చెడగొట్టెను. ఆమెకు రొమ్ములో క్యాన్సరు. మన పెద్దలు రాచపుండు అనెడివారే, ఆ రోగము. శస్త్రచికిత్స అయినది, సెలైను వెంబడి మందు ఎక్కించిరి, తలవెండ్రుకలు రాలిపోయినవి, ఇప్పుడు పట్టణమునకు పోయి కరెంటు పెట్టించుకొనుచున్నది. మేము ప్రార్థించుటకు పోయి, అలవాటు చొప్పున పదిమంది కుష్ఠరోగుల సంగతి యెత్తి, కృతజ్ఞత కలిగియుండుమని చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, ఆ సమరయుడు బాగుపడిన తరువాత గదా తిరిగి వచ్చెను అయ్యగారూ, ఇంకను బాగుపడక దారిలో నడుచుచున్నవారు దేనికి కృతజ్ఞత చెప్పవలెను అని అడిగెను. ఆమె కోపముతో అడుగలేదు, తెలిసికొనవలెననియే అడిగెను. మాకు జవాబు తోచక ప్రార్థన చేసి లేచి వచ్చితిమి.

ఇంటికి వచ్చి సెమినరీ దినములనాటి మా పుస్తకములు తిరుగవేయగా ఒక స్త్రీ జీవితము జ్ఞాపకమునకు వచ్చెను. ఆమె పేరు జాయ్ డేవిడ్‌మన్. ఇంగ్లీషున జాయ్ అనగా ఆనందము. నార్నియా కథలు వ్రాసిన సి. యస్. లూయిస్ పండితుని భార్యగా లోకము ఆమెను ఎరుగును. ఆమె పరిశుద్ధురాలని బొమ్మకట్టి నిలుపుటకు మేము దీనిని వ్రాయుటలేదు. ఆమె నాలుక పదునైనది, వాదమునకు దిగిన విడువదు, భర్త స్నేహితులలో అనేకులకు ఆమె నచ్చలేదు. అట్టి మనిషికి ఆ రోగము వచ్చినప్పుడు ఏమి జరిగెనో చెప్పుటయే మా ఉద్దేశము.

ఆమె 1915 ఏప్రిల్ 18న న్యూయార్కు నగరములో యూదుల కుటుంబమున జన్మించెను. తలిదండ్రులు ఉపాధ్యాయులు, దేవుడు లేడను తలంపుగల ఇల్లు అది. పిల్ల మహా తెలివిగలది. పందొమ్మిదవ యేటనే కళాశాల పట్టము పొంది, మరుసటి సంవత్సరమున కొలంబియా విశ్వవిద్యాలయములో ఎం. ఏ. ముగించెను. 1938లో ఆమె మొదటి పద్యసంపుటికి యేల్ విశ్వవిద్యాలయపు బహుమానము దొరికెను. బీదల కష్టము చూచి కమ్యూనిస్టు పార్టీలో చేరెను. 1942లో గ్రెషమ్ అను రచయితను పెండ్లాడి ఇద్దరు కుమారులను కనెను. భర్త త్రాగుబోతు. 1946లో ఒకనాడు అతడు పట్టణమునుండి టెలిఫోను చేసి, తనకు మతి స్థిమితము తప్పుచున్నదనియు ఇంటికి రానేరననియు చెప్పెను. ఆ రాత్రి పసిబిడ్డలను ప్రక్కనుంచుకొని, ఏ ఆసరాయు లేక కూర్చున్న ఆ నాస్తికురాలు, గదిలో దేవుని సన్నిధిని ఎరిగి మోకరించెను. 1948లో ప్రెస్బిటేరియన్ సంఘమున బాప్తిస్మము పొందెను. సంసారము మాత్రము నిలువలేదు. భర్త మరియొక స్త్రీని కోరెను; 1954లో విడాకులైనవి. అప్పటికి ఆమె కుమారులతోకూడ ఇంగ్లాండులో నుండెను. పది ఆజ్ఞలను గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము ఆ దినములదే.

లూయిస్ వ్రాతలు చదివి 1950లో ఆమె ఆయనకు ఉత్తరము వ్రాసియుండెను, 1952లో కలిసికొనిరి. ఆమెకు ఆ దేశములో నివాసానుమతి గడువు తీరిపోవుచుండగా, ఆమెను పంపివేయకుండునట్లు 1956 ఏప్రిల్ 23న ఆక్స్‌ఫర్డులో రిజిస్ట్రారు ఎదుట ఆయన ఆమెను వివాహమాడెను. అది కాగితముల మీది పెండ్లి. ఎవరి యింట వారుండిరి.

ఆ సంవత్సరమే అక్టోబరులో ఆమె తన యింట టెలిఫోను తీగ కాలికి తగిలి పడెను. తొడయెముక ఎండుపుల్లవలె విరిగెను. ఆరోగ్యవంతుల యెముక ఆ పాటి పడుటకు విరుగదు. అంతకుముందే కాలినొప్పి ఉండెను గాని వాతమనుకొనిరి. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి చూడగా ఎముకను క్యాన్సరు తినివేసియుండెను. దాని మూలము రొమ్ములో. ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోవుదుము. మన స్త్రీలు రొమ్ములో గడ్డ తగిలినను సిగ్గుచేత ఏండ్లతరబడి ఎవరికిని చెప్పరు. చెప్పుడు. డాక్టరుకు చూపుడు. మొదటనే చూపినవారిలో అనేకులు నేడు బాగుపడుచున్నారు.

ఆనాటి వైద్యము ఇది: రొమ్ములోని గడ్డను తీసిరి. తొడయెముకలో పాడైన భాగమును కోసి సరిచేసిరి. అండాశయములను తీసివేసిరి, ఏలయనగా కొన్ని రొమ్ము క్యాన్సరులు స్త్రీ శరీరములో పుట్టు హార్మోనుల బలముతో పెరుగును, అవి లేనియెడల రోగము కొంత అణగును. తరువాత ఎక్స్‌కిరణములతో చికిత్స చేసిరి. మన గ్రామములలో కరెంటు పెట్టుట అనునది ఈ జాతి చికిత్సయే. అందులో విద్యుత్తును ఒంటికి తగిలింపరు. కంటికి కనబడని కిరణములు వేగముగా పెరుగు కణములను చంపును. దినదినము కొంచెము కొంచెముగా ఇత్తురు. నొప్పి తెలియదు గాని రానురాను చర్మము కమిలి ఒడలు సోలిపోవును. నేటి యంత్రములు మేలైనవి, గురి తప్పవు. ఆనాడు అంతటి సూక్ష్మత లేదు.

ఈ మాసములలో ఆమె యెట్లుండెను? మేము చదివినంతలో ఆమె నిజమును దాచలేదు. శరీరమున భరింపరాని బాధయు, దానితోకూడ ఎన్నడెరుగని వింతయైన ఆత్మానందమును కలుగుచున్నవని ఒక సమయమున స్నేహితులకు తెలియజేసెను. మరియొక సమయమున, విశ్వాసమును విడువక పట్టుకొనుటకు బహు ప్రయాసపడుచున్నాననియు, ఇందులో క్రూరత్వమే కనబడుచున్నదనియు తెలిపెను. రెండును ఒక్క మనిషి మాటలే.  మేము మొదటి మాటను మాత్రమే చెప్పి రెండవది మరుగుచేసియున్న యెడల మా అక్కకు అబద్ధము చెప్పినవారమగుదుము. కీర్తనకారుడును ఒకే కీర్తనలో మొఱపెట్టి, అందులోనే స్తుతించును గదా.

లూయిస్ సంగతి వేరుగా చెప్పవలెను. ఆయనకు తొమ్మిదేండ్ల ప్రాయమున, 1908లో, తల్లి క్యాన్సరుతోనే చనిపోయెను. తల్లికి ఇద్దరు కుమారులు, జాయ్‌కిని ఇద్దరే. ఆయన ఆ పిల్లల ముఖములలో తన బాల్యమును చూచియుండును. కాగితపు భార్య మరణశయ్యపై పడినప్పుడు, ఆమె తనకు ఎంత ప్రియమైనదో ఆయన మొదటిసారి గ్రహించెను. దేవుని యెదుట వివాహమాడగోరెను. ఆమె విడాకులు పొందిన స్త్రీ గనుక ఆక్స్‌ఫర్డు బిషప్పు అనుమతింపలేదు. బిషప్పు తన సంఘపు నియమమును కాచెను. ఆయనను మేము నిందింపము, అట్టి చిక్కులు మాకును తెలియును. అయితే పీటర్ బైడ్ అను ఒక గురువు, లూయిస్ పాత శిష్యుడు, రోగిపై చేతులుంచి ప్రార్థించుటకు పిలువబడి వచ్చి, సంగతి విని, ప్రభువు ఏమి చేయునో యని తనలో తర్కించుకొని, వివాహము చేసెదనని ఒప్పుకొనెను. 1957 మార్చి 21న చర్చిల్ ఆస్పత్రిలో, ఆమె పడక యొద్దనే, వివాహ సంస్కారము జరిగెను. లూయిస్ సహోదరుడును నర్సును సాక్షులు. పెండ్లికుమారునికి ఏబది యెనిమిదేండ్లు, పెండ్లికుమార్తెకు నలుబది యొకటి. ఊరేగింపు లేదు, విందు లేదు. పెండ్లికుమార్తె లేచి కూర్చుండనైనను లేదు. అదే దినమున గురువు ఆమెపై చేతులుంచి ప్రార్థించెను.

వైద్యులు ఆమెకు వారములు మాత్రమే మిగిలినవనిరి. ఏప్రిల్‌లో, చనిపోవుటకని, ఆమెను లూయిస్ ఇంటికి తీసికొనివచ్చిరి. ఆ యింటి పేరు కిల్న్స్, అనగా ఇటుక బట్టీలు. పూర్వము అక్కడ ఇటుకలు కాల్చెడివారు. మన్ను త్రవ్విన గుంటయే ఇంటి వెనుక చెరువై, చుట్టు చెట్లు పెరిగియుండెను. క్రింది గదిలో ఆమెకు మంచము వేసిరి.

ఆమె చావలేదు. వేసవి వచ్చునప్పటికి నొప్పి తగ్గెను. ఎముక కట్టుకొనసాగెను. సంవత్సరాంతమునకు చేతికఱ్ఱతో నడువసాగెను; ఒక కాలు పొట్టియైనందున కుంటుచు నడుచును. అదే కాలమున లూయిస్ ఎముకలు పలుచబడి నడుమునొప్పి పట్టుకొనెను. నడుముకు పట్టీ కట్టుకొని తిరుగవలసి వచ్చెను. ఆమె బాధను తనకిమ్మని ఆయన ప్రార్థించియుండెనట. ఆమె ఎముకలలో సున్నము చేరుచుండగా ఆయన ఎముకలలో సున్నము తరుగుచుండెను. దీనిపై సిద్ధాంతము కట్టుట మాకు ఇష్టములేదు. శస్త్రచికిత్సయు కిరణములును పనిచేసినవని వైద్యులు చెప్పవచ్చును, అదియు దేవుని యీవియే. లూయిస్ తానే దీనిని అద్భుతమని రుజువు చేయజాలనని ఒప్పుకొని, ఆశ్చర్యపడుట మాత్రము మానలేదు.

ఇక మేము చెప్పగోరిన భాగమునకు వచ్చితిమి. ఆమెకు దొరికినది మూడేండ్లు. ఆ మూడేండ్లలో ఆమె గొప్ప కార్యములేవియు చేయలేదు. ఇల్లు బాగుచేయించెను. యుద్ధమునకు ముందునుండి మరమ్మతెరుగని ఇల్లు అది. ఇద్దరు ముసలి సహోదరులు పుస్తకములలో మునిగి దాని సంగతి మరచియుండిరి. గోడలకు ఆనించిన పుస్తకముల బీరువాలను తీసిన యెడల గోడలే కూలునేమోయని ఇంటివారు హాస్యమాడుకొనెడివారు. ఆమె రంగులు వేయించెను, కప్పు బాగుచేయించెను, తోటపని చూచెను. ఏ మాసమున తిరిగి మంచము పట్టునో తెలియని మనిషి పదేండ్లు నిలువవలసిన కప్పును బాగుచేయించుట చూడుడు! మేమైతే ఎవరికొరకు ఈ శ్రమ అని విడిచిపెట్టియుందుము. మన సంఘములలో జబ్బుపడినవారి యింట మొదట ఆగిపోవునది ఇంటి ముంగిట ముగ్గు, తరువాత నవ్వు.

సాయంకాలములందు భార్యాభర్తలు అక్షరపు బిళ్లలతో మాటలు కూర్చు స్క్రాబుల్ అను ఆట ఆడుకొనెడివారు. ఇద్దరును పండితులు గనుక ఒక్క భాషతో తృప్తిపడక, తెలిసిన ఏ భాష మాటయైనను చెల్లునని నియమము పెట్టుకొనిరి. గ్రీకో లాటినో యని వాదములు చెలరేగుచుండెను. ఆమె వాదములో ఓడుట ఇష్టపడెడిది కాదు. రోగి గనుక ఆమెకు గెలుపు విడిచిపెట్టవలెనని భర్త అనుకొనలేదు. ఈ చిన్న సంగతి మాకు మిక్కిలి నచ్చినది. రోగిని రోగిగా మాత్రమే చూచుట మన అలవాటు. పరామర్శకు పోయి మంచము ప్రక్కను కూర్చుండి నిట్టూర్చుచుందుము. మేమును అట్లే చేసితిమి.

ఆమె రోగమునకు కృతజ్ఞత చెప్పినట్లు మేమెక్కడను చదువలేదు. ఆ నొప్పిని మంచిదని ఆమె అనలేదు. అయితే నడుమ దొరికిన దినమును దినముగా పుచ్చుకొనెను: మెట్లు ఎక్కగలిగిన దినము, చెరువు గట్టువరకు నడిచిన దినము, పిల్లలు బడినుండి సెలవులకు వచ్చిన దినము. నలుబది దాటిన తరువాత, అందులోను రోగశయ్యపై, నూతన వధూవరులవలె సంతోషించుచున్నామని వారిద్దరును ఆశ్చర్యపడెడివారు. లూయిస్ కీర్తనలను గూర్చిన గ్రంథము 1958లో వెలువడెను. స్తుతించుట యనునది సంతోషమునకు తరువాత చెల్లించు పన్ను కాదనియు, స్తుతిలోనే ఆ సంతోషము సంపూర్ణమగుననియు ఆయన అందులో బోధించెను. ఆయన దానిని పూర్తిచేసిన దినములలో ఆ యింట కఱ్ఱ చప్పుడు వినబడుచుండెనని తలంచుకొనిన ఆ అధ్యాయము వేరుగా కనబడును.

1958 జూలైలో ఇద్దరును విమానమెక్కి ఐర్లాండు వెళ్లి, భర్త పుట్టిన దేశపు కొండలను సముద్రమును చూచి వచ్చిరి.

1959 అక్టోబరులో మామూలు పరీక్షకు వెళ్లగా ఎక్స్‌రేలో రోగము తిరిగి కనబడెను. అంతకుముందు పరీక్షలన్నియు బాగున్నందున ఈసారి ఎవరును భయపడక వెళ్లిరి. చేతులుంచి ప్రార్థించిన గురువు భార్యకును ఆ కాలముననే ఇదే రోగము వచ్చెను. ప్రార్థనను లెక్కల పుస్తకముగా చూచువారికి ఇది పెద్ద తొట్రుపాటు. మేమును తొట్రుపడినవారమే. కొన్నియేండ్ల క్రిందట ఒక సహోదరుని కొరకు ప్రార్థించి, స్వస్థపడితివి పొమ్మని గట్టిగా ప్రకటించితిమి. అతడు మా మాట నమ్మి ఆస్పత్రికి తిరిగి పోలేదు. అతని సమాధిపై ప్రార్థన చేసినవారమును మేమే. ఇది ఎవరిమీదను వేయదగిన తప్పు కాదు, మాదే. నాటినుండి ప్రార్థన ముగించిన వెంటనే, మరల ఆస్పత్రికి ఎప్పుడు పోవలెనని అడుగుచున్నాము.

జాయ్‌కు చిన్ననాటినుండి గ్రీసు దేశము చూడవలెనని కోరిక. వైద్యులు వలదనలేదు, ప్రమాదము మాత్రము తెలియజేసిరి. 1960 ఏప్రిల్ ఆరంభమున, స్నేహితులైన దంపతులతో కూడ, భార్యాభర్తలు అక్కడికి ప్రయాణమైరి. ఏథెన్సులో అక్రోపోలిస్ అను రాతికొండ కలదు. పౌలు అపొస్తలుడు ప్రసంగించిన అరేయొపగు దాని ప్రక్కనే యున్నది. ఎముకలలో రోగము, పొట్టి కాలు, చేతికఱ్ఱ. ఆమె కొండ యెక్కెను. పైన పాలరాతి స్తంభముల యొద్ద ఎండలో కూర్చుండి చూచెను. ప్రాచీనమైన మైసీనే పట్టణపు సింహద్వారమును, రోదు, క్రేతు ద్వీపములను చూచెను. క్రేతు, రోదు అను పేర్లు మన పాఠకులకు అపొస్తలుల కార్యములలో పరిచయమైనవే.

తిరిగి వచ్చిన తరువాత మే మాసమున రొమ్మును తీసివేసిరి. జూన్‌లో చనిపోవుననుకొనగా మరల తేరుకొనెను. జూలై మొదటి వారమున కారులో పల్లెసీమలు చూచుటకు వెళ్లెను. కడవరి దినములలో గూడ ఆ అక్షరపు ఆట ఆగలేదు. జూలై 13 తెల్లవారుజామున తాళలేని నొప్పి వచ్చెను, ఆస్పత్రికి తీసికొనిపోయిరి. దేవునితో తనకు సమాధానమున్నదని అక్కడి గురువుతో చెప్పెను. ఆ రాత్రి నిద్రించెను. వయస్సు నలుబది యైదు.

లూయిస్ ఓదార్పు పొందిన జ్ఞానివలె నడుచుకొనలేదు. దేవునిపై కోపమును సందేహమును దాచక ఒక చిన్న పుస్తకము వ్రాసి, 1961లో మారుపేరుతో అచ్చువేయించెను. ఆ పుస్తకములోనే, కోపము చల్లారుచుండగా, ఆయన మరల స్తుతివైపు తిరుగుట చూతుము. ఆయనయు 1963 నవంబరు 22న ప్రభువునందు నిద్రించెను.

ఈ జీవితమును గడచిన శనివారము సాయంకాలమున మా అక్కకు చెప్పితిమి. ఆమె అరుగుమీద కూర్చుండి, నూకల జావ చెంచాతో త్రాగుచు వినెను. గొంతు మంట తగ్గి ఆ దినముననే జావ దిగుచున్నదని చెప్పెను. మేము పదిమంది కుష్ఠరోగుల సంగతి మరల ఎత్తలేదు. అయితే వారు బాగుపడినది దారిలో పోవుచుండగానే యని లూకా వ్రాసినది ఆమెయే జ్ఞాపకము చేసెను. మేము ఇన్నియేండ్లు ఆ వచనమును చదివియు దాటిపోతిమి. తరువాత, ఆ కుంటికాలి అమ్మ అంత కొండ యెట్లు ఎక్కెనని అడిగెను. కఱ్ఱ పట్టుకొని, మెల్లగా, ఆగియాగి యెక్కియుండునని చెప్పితిమి. ఆమె గిన్నె క్రింద పెట్టి, సోమవారము తెల్లవారుజామున బస్సు ఎన్ని గంటలకు వచ్చునో కనుగొని రమ్మని మనుమని పంపెను. ఇంకను ఎనిమిది దినముల కరెంటు మిగిలియున్నది.